అవతలి వారికి వినబడాలి గదా!
హెడ్‌సెట్ కొనేవారు చూసుకోవలసినవి ఎన్నో

గుంటూరు : "హలో... వినబడుతోందా? కాస్త గట్టిగా చెప్పండి!" మిర్చి యార్డులో గానీ, ఆటోనగర్‌లో గానీ, బస్టాండు బయట గానీ అయిదు నిమిషాలు నిలబడితే ఈ మాట పదిసార్లు చెవిన పడుతుంది. మాట్లాడేవారి చెవిలో వైర్‌లెస్ హెడ్‌సెట్ వుంటుంది. చేతులు ఖాళీగానే వుంటాయి. అవతలి మనిషికి మాత్రం మాట అందదు. రెండు మూడుసార్లు అరిచి, విసుగెత్తి, హెడ్‌సెట్ పీకి జేబులో వేసుకుని, ఫోను తీసి చెవికి ఆనించుకుని మాట్లాడతారు. చేతులకు తీరిక కోసం డబ్బు పోసి కొన్న వస్తువు అసలు పని పడిన వేళకు అక్కరకు రావడం లేదన్న మాట.

సెల్‌ఫోన్ ఇప్పుడు వ్యాపారికీ, డ్రైవరుకీ, మెకానిక్కుకీ, కుట్టుమిషను మీద బతికే గృహిణికీ బతుకుతెరువులో భాగమైపోయింది. పని ఆపకుండా మాట్లాడాలంటే హెడ్‌సెట్ కావాలి. వెయ్యి రూపాయల లోపు నుంచి ఇరవై వేలు పైబడిన ధర వరకు రకరకాల సరుకు దుకాణాల్లో వుంది. అయితే కొనేవారిలో ఎక్కువమంది చేసే పరీక్ష ఒక్కటే. కొట్లో ఒక సినిమా పాట పెట్టించుకుని వింటారు. పాట బాగుంటే సరుకు బాగున్నట్లే అనుకుంటారు.

పాట వినడం వేరు, ఫోను మాట్లాడడం వేరు. పాటకు స్పీకరు చాలు. మాటకు మైకు కూడా కావాలి. స్పీకరు ఎలా వుందో కొన్నవారికి వెంటనే తెలుస్తుంది. మైకు ఎలా వుందో అవతలి వారికి మాత్రమే తెలుస్తుంది. ఈ చిన్న తేడాను గమనించకపోవడం వల్లనే చాలామంది డబ్బు వృథా చేసుకుంటున్నారు.

పదిహేనా? పదిహేడా?

మిర్చి యార్డు సంగతే తీసుకుందాం. దేశంలోనే పేరున్న ఈ మార్కెట్‌లో సీజను నడిచే రోజుల్లో లారీల మోత, హమాలీల కేకలు, టిక్కీలు దింపే హడావుడి చెప్పనలవి కాదు. ఆ రొదలోనే కమీషను వ్యాపారులు దూరప్రాంతాల కొనుగోలుదారులతో ఫోనులో ధరలు మాట్లాడుకుంటారు. క్వింటాలు "పదిహేను వేలు" అని ఇక్కడి నుంచి చెబితే అక్కడ "పదిహేడు వేలు" అని వినబడిందనుకుందాం. వంద క్వింటాళ్ల మీద రెండు లక్షల రూపాయల తేడా వస్తుంది. తర్వాత ఎవరు ఏమన్నారో తేల్చేవారుండరు.

ఇలా వినబడడానికి కారణం వుంది. మాటలో అచ్చుల ధ్వని గట్టిది, హల్లుల ధ్వని బలహీనమైనది. చుట్టూ రొద వుంటే ముందు మునిగిపోయేవి హల్లులే. పదిహేను, పదిహేడు మాటల మధ్య తేడా చివరనున్న ఒక్క హల్లే. అది మునిగితే రెండూ ఒకటే. అరిచి చెప్పినా లాభం తక్కువ. అరుపులో అచ్చు పెరుగుతుంది గానీ, హల్లు అంతగా పెరగదు.

ఇదే ఇబ్బంది స్తంభం ఎక్కిన కరెంటు పనివారికీ, ట్రాక్టరు మీది రైతుకూ, చేతినిండా గ్రీజుతో వుండే మెకానిక్కుకూ వుంది. అంకె తప్పు వినబడితే ఒకరికి డబ్బు పోతుంది. "లైను ఆపాను", "ఆపలేదు" అన్న మాటల్లో తికమక వస్తే మరొకరికి ప్రాణమే పోతుంది. కనుక మాట్లాడడానికి హెడ్‌సెట్ కొనేవారు ముందుగా మైకు సంగతి తేల్చుకోవాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

మైకు నోటికి ఎంత దూరం?

మైకు విషయంలో మొదటి సూత్రం చాలా సులువు. నోటికి ఎంత దగ్గరగా వుంటే అంత మంచిది. బహిరంగ ప్రదేశంలో దూరం రెట్టింపయితే మైకుకు అందే మాట బలం నాలుగో వంతుకు పడిపోతుంది. దూరం నాలుగు రెట్లయితే పదహారో వంతు మాత్రమే అందుతుంది. చుట్టూ వున్న రొద మాత్రం తగ్గదు. పెదవులకు మూడు సెంటీమీటర్ల దూరంలో వుండే మైకుకూ, పన్నెండు సెంటీమీటర్ల దూరాన చెవి దగ్గర వుండే మైకుకూ తేడా ఇదే.

చెవి నుంచి నోటివైపు సన్నని కాడలాంటిది వచ్చి, దాని చివర మైకు వుండే హెడ్‌సెట్లను కాల్ సెంటర్లలో చూడవచ్చు. చూడడానికి అంత సొగసుగా వుండవు. అయినా రొదలో మాట్లాడడానికి ఇవే మేలు. అమెరికాలో 1961లో ప్రారంభమైన ప్లాంట్రానిక్స్ కంపెనీ విమాన పైలట్ల కోసం తేలికపాటి హెడ్‌సెట్లు తయారు చేసింది. 1969లో చంద్రుని మీద కాలు మోపిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ మాటలు భూమికి చేరింది ఆ కంపెనీ పరికరం ద్వారానే. వ్యోమగాముల టోపీలోనూ మైకును నోటి దగ్గరకే తెచ్చి పెట్టారు. ఆ సూత్రం నేటికీ మారలేదు.

చెవిలో ఇమిడిపోయే చిన్న బడ్స్‌లో కాడ వుండదు. ఆ లోటు తీర్చడానికి ఒకటికి బదులు రెండు మూడు మైకులు పెడతారు. నోటి నుంచి వచ్చే మాట ఒక మైకుకు ముందు, రెండో మైకుకు రవ్వంత ఆలస్యంగా అందుతుంది. లోపలి చిప్ ఈ తేడాను లెక్కగట్టి నోటివైపు నుంచి వచ్చిన ధ్వనిని వుంచి, మిగతాదాన్ని తగ్గిస్తుంది. కొన్ని ఖరీదైన రకాల్లో మాట్లాడేటప్పుడు ఎముకలో కలిగే కదలికను పసిగట్టే ఏర్పాటు కూడా వుంది. ఇవన్నీ బాగా పనిచేసే సరుకూ వుంది, పేరుకు మాత్రమే వున్న సరుకూ వుంది. చూసి చెప్పడం సాధ్యం కాదు. మాట్లాడి చూడవలసిందే.

రెండు పేర్లు, రెండు పనులు

అట్ట పెట్టెల మీద ఎ.ఎన్.సి., ఇ.ఎన్.సి. అనే పొడి అక్షరాలు కనిపిస్తాయి. రెండూ రొదను తగ్గించేవేనని అమ్మేవారు కలిపి చెప్పేస్తుంటారు. కానీ రెండింటికీ చాలా తేడా వుంది.

ఎ.ఎన్.సి. అంటే పెట్టుకున్నవారి చెవికి రొద తగ్గించే ఏర్పాటు. బయటి శబ్దానికి ఎదురు శబ్దాన్ని పుట్టించి దాన్ని అణచివేస్తుంది. బస్సులో కూర్చుని పాటలు వినేవారికి ఇది సుఖం. అవతలి వారికి దీనితో ప్రయోజనం లేదు. పైగా రోడ్డు మీద నడిచేవారికీ, బండి నడిపేవారికీ ఇది చేటు. వెనక నుంచి వచ్చే లారీ హారను ఎంత స్పష్టంగా వినబడితే అంత క్షేమం గదా.

ఇ.ఎన్.సి. అన్నది మైకుకు సంబంధించినది. మాట్లాడేవారి చుట్టూ వున్న రొద అవతలి వారికి చేరకుండా చూస్తుంది. ఫోను మాట్లాడడానికి కొనేవారు అడగవలసింది దీన్ని. ఎ.ఎన్.సి. వుందని ఎక్కువ డబ్బు పెట్టి కొని, అవతలి వారికి మాట వినబడడం లేదని వాపోయేవారు ఎందరో వున్నారు.

పాటకు వచ్చిన నాణ్యత మాటకు ఏదీ?

కొత్త హెడ్‌సెట్‌లో పాట శ్రావ్యంగా వినబడుతుంది. అదే సమయంలో ఫోను వస్తే మాట డబ్బాలోంచి వచ్చినట్లు మారిపోతుంది. సరుకు చెడిపోయిందని కొందరు దుకాణానికి తిరిగి తీసుకువస్తుంటారు. ఇది చాలావరకు లోపం కాదు.

ఫోనుకూ హెడ్‌సెట్‌కూ మధ్య తీగ లేకుండా సంబంధం కలిపేది బ్లూటూత్. స్వీడన్‌కు చెందిన ఎరిక్సన్ కంపెనీలో 1994లో ఈ పని మొదలైంది. 1998లో పలు కంపెనీలు కలిసి ఒక సంఘంగా ఏర్పడి దీన్ని అందరికీ ఒకే పద్ధతిగా చేశాయి. పదో శతాబ్దంలో డెన్మార్క్‌ను ఏలిన హరాల్డ్ అనే రాజు బిరుదునే దీనికి పేరుగా పెట్టారు.

ఈ బ్లూటూత్‌లో పాటకు ఒక దారి, ఫోను మాటకు వేరొక దారి వున్నాయి. పాట ఒకవైపే ప్రయాణిస్తుంది గనుక నాణ్యత ఎక్కువ. మాట రెండు వైపులా, ఆలస్యం లేకుండా పోవాలి గనుక దాన్ని కుదించి పంపుతారు. పాత పద్ధతిలో సెకనుకు 8 వేల నమూనాలుగా మాత్రమే మాటను పంపేవారు. 2011లో వచ్చిన మెరుగైన పద్ధతిలో 16 వేల నమూనాలు పంపవచ్చు. దీన్నే వైడ్‌బ్యాండ్ అనీ, హెచ్.డి. వాయిస్ అనీ అంటారు. ఫోనులోనూ, హెడ్‌సెట్‌లోనూ, నెట్‌వర్క్‌లోనూ, అవతలి వారి ఫోనులోనూ ఈ సౌకర్యం వుంటేనే తేడా తెలుస్తుంది. హెడ్‌సెట్ కొనేటప్పుడు ఇది వుందా అని అడగడం మంచిది.

పెట్టె మీద బ్లూటూత్ 5.3 అనో 5.4 అనో పెద్ద అక్షరాలతో అచ్చు వేస్తారు. ఆ అంకె సంబంధం కలిపే పద్ధతికి చెందినది. మైకు మంచిదా కాదా అన్నది దాన్నిబట్టి తెలియదు.

మరో చిన్న సంగతి. మాట మధ్యలో తెగుతుంటే ఫోను ఏ జేబులో వుందో చూసుకోవాలి. మనిషి ఒంట్లో నీరు ఎక్కువ. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను ఆ నీరు పీల్చుకుంటుంది. హెడ్‌సెట్ కుడిచెవికి, ఫోను ఎడమవైపు వెనక జేబులో వుంటే తరంగాలు ఒంటిని దాటుకుని రావాలి. ఫోనును అదే వైపు జేబులోకి మారిస్తే చాలాసార్లు ఈ బెడద వుండదు.

ఎవరికి ఏ రకం?

అందరికీ ఒకే రకం సరిపోదు. పనినిబట్టి రకం ఎంచుకోవాలి.

ఒక చెవికి మాత్రమే తగిలించుకునే హెడ్‌సెట్ రెండో చెవిని ఖాళీగా వుంచుతుంది. పక్కవారి మాట, వాహనాల మోత వినబడుతూనే వుంటాయి. రోజంతా ఫోనులో మాట్లాడే వ్యాపారులకూ, ఏజెంట్లకూ, పనిస్థలంలో తిరిగే మేస్త్రీలకూ ఇది అనువు. కాడ వున్న రకమైతే మరీ మంచిది. కళ్లద్దాలు పెట్టుకునేవారు కొక్కెం అద్దాల కాడకు అడ్డు రాకుండా చూసుకోవాలి.

మెడలో దండలా వేసుకునే నెక్‌బ్యాండ్ ధర తక్కువ. చెవి నుంచి జారినా మెడకు వేలాడుతుంది గనుక పోయే భయం తక్కువ. బ్యాటరీ కాస్త పెద్దది. అయితే మైకు చొక్కా కాలరు దగ్గర వుంటే గుడ్డ రాపిడి శబ్దం అవతలి వారికి చేరుతుంది.

రెండు చెవుల్లో విడివిడిగా పెట్టుకునే బడ్స్ ఇప్పుడు ఎక్కువగా అమ్ముడవుతున్నాయి. గదిలో కూర్చుని మాట్లాడేవారికి ఫరవాలేదు. ఒక్క బడ్‌నే పెట్టుకున్నా ఫోను మాట్లాడే వీలుందా, కుడిదైనా ఎడమదైనా మైకు పనిచేస్తుందా అన్నది తేల్చుకోవాలి. అలా పనిచేస్తే ఒకటి పెట్టెలో చార్జి అవుతుండగా రెండోది వాడుకోవచ్చు.

చెవి రంధ్రాన్ని మూయకుండా దవడ ఎముక మీద ఆని వుండే రకం కూడా వుంది. బయటి శబ్దాలన్నీ వినబడతాయి. చెవిలో చెమట పట్టదు. కానీ రొద ఎక్కువ వున్న చోట అవతలి వారి మాట వీరికి వినబడడం కష్టం.

రెండు ఫోన్లు వాడేవారు ఒకే హెడ్‌సెట్ రెంటికీ ఏకకాలంలో పనిచేస్తుందా అని అడగాలి. దీన్ని మల్టీపాయింట్ అంటారు. అలాగే ఫోను ఎత్తడానికి నొక్కే బటను వుందా, తాకితే చాలా అన్నది కూడా చూడాలి. చెమట చేతులతోనూ, గ్రీజు చేతులతోనూ తాకుడు పద్ధతి సరిగా పనిచేయదు. అటువంటివారికి నొక్కే బటనే నయం.

కారమూ, చెమటా, ఎండా

గుంటూరు ప్రాంతంలో సరుకు మన్నికకు శత్రువులు మూడు. కారపు దుమ్ము, చెమట, ఎండ.

పెట్టె మీద ఐ.పి.ఎక్స్.4 అని వుంటే నీటి తుంపరలకు తట్టుకుంటుందని అర్థం. ఇందులో ఎక్స్ అన్న చోట దుమ్ముకు సంబంధించిన అంకె వుండాలి. ఎక్స్ వుందంటే దుమ్ము విషయంలో ఏ హామీ ఇవ్వలేదన్న మాట. ఐ.పి.54, ఐ.పి.55 అని వుంటే మొదటి 5 దుమ్ము నుంచి రక్షణకు గుర్తు. యార్డులోనూ, సిమెంటు పనుల్లోనూ, ఇటుక బట్టీల దగ్గరా తిరిగేవారు ఈ అంకె చూసి కొనాలి.

మైకు రంధ్రం సూదిమొనంత వుంటుంది. అందులో దుమ్ము చేరితే అవతలి వారికి మాట గుసగుసలా మారుతుంది. మెత్తని పొడి బ్రష్షుతో వారానికోసారి తుడుచుకుంటే సరిపోతుంది. పిన్నీసుతో పొడిస్తే లోపలి పొర చిల్లు పడుతుంది. ఒకరి హెడ్‌సెట్ మరొకరు చెవిలో పెట్టుకోవడం కూడా మంచి అలవాటు కాదు.

ఇక ఎండ. రెంటచింతల ఎండల సంగతి రాష్ట్రమంతటికీ తెలిసిందే. ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద హెడ్‌సెట్ వదిలేస్తే లోపలి లిథియం బ్యాటరీ ఆయుష్షు తగ్గిపోతుంది. 45 డిగ్రీలు మించిన వేడిలో చార్జింగ్ పెట్టరాదన్నది ఈ రకం బ్యాటరీలకు సాధారణ నియమం. బడ్స్‌లోని బ్యాటరీ శనగగింజంత. అరిగిపోతే మార్చడం దాదాపు కుదరని పని. కనుక ఎంత ఖరీదు పెట్టినా అది కొన్నేళ్ల వస్తువేనని గ్రహించాలి.

పెట్టె మీది అంకెలు

"40 గంటలు పనిచేస్తుంది" అన్న ప్రకటన చూసి మోసపోరాదు. చాలా పెట్టెల మీద వుండే గంటలు పాటలకు సంబంధించినవి. అదీ చార్జింగ్ డబ్బాలోని బ్యాటరీతో మళ్లీ మళ్లీ నింపుకుంటే వచ్చే మొత్తం. మాట్లాడేటప్పుడు మైకు, దానితోపాటు చిప్ పనిచేస్తాయి గనుక బ్యాటరీ త్వరగా అయిపోతుంది. ఒక్కసారి నింపితే ఎన్ని గంటలు మాట్లాడవచ్చు అన్నదే అడగవలసిన ప్రశ్న. టాక్ టైమ్ అని విడిగా వేశారేమో చూడాలి. ఫోను చార్జరే దీనికీ సరిపోతుందా అన్నది కూడా చూసుకుంటే ప్రయాణాల్లో ఒక తీగ బరువు తగ్గుతుంది.

వైర్‌లెస్ హెడ్‌ఫోన్లు, ఇయర్‌ఫోన్లు భారతీయ ప్రమాణాల సంస్థ తప్పనిసరి రిజిస్ట్రేషను పరిధిలోకి వస్తాయి. సరుకు మీద ఆ సంస్థ గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు వుండాలి. బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఎవరికి ఇచ్చినదో తెలుస్తుంది. పేరున్న కంపెనీల నకిలీలు పావు ధరకే దొరుకుతున్న రోజుల్లో ఈ పరీక్ష అవసరం. గరిష్ఠ చిల్లర ధర, తయారుచేసినవారి లేదా దిగుమతి చేసుకున్నవారి చిరునామా, ఏ దేశపు సరుకు అన్నవి కూడా పెట్టె మీద వుండి తీరాలి.

బిల్లు తీసుకోకపోతే వారంటీ కాగితానికి విలువ లేదు. నాసిరకం సరుకు అంటగట్టి మార్చనంటే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ వుంది. అయిదు లక్షల రూపాయల లోపు కొన్న వస్తువుల కేసులకు అక్కడ ఫీజు లేదు.

రెండు నిమిషాల పరీక్ష

ఇన్ని వివరాలు గుర్తుంచుకోలేనివారు ఒక్క పరీక్ష చేసినా చాలు. దుకాణం లోపల, ఎ.సి. గదిలో కాదు. హెడ్‌సెట్‌ను ఫోనుకు కలుపుకుని దుకాణం ముందు రోడ్డు మీదకు రావాలి. ఇంట్లోవారికో, స్నేహితుడికో ఫోను చేయాలి. మామూలు గొంతుతో ఒక పది అంకెలు చెప్పి రాసుకోమనాలి. పదకొండు, పన్నెండు, పదిహేను, పదిహేడు, ఇరవై, అరవై వంటి పోలిక గల అంకెలైతే మేలు. తిరిగి చదివించుకుంటే మైకు సత్తా తేలిపోతుంది. తర్వాత టేబులు ఫ్యాను ఎదుట నిలబడి మరో పది అంకెలు చెప్పాలి. గాలి వీచినప్పుడు మైకు ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది.

వీలైతే ఇద్దరు వెళ్లాలి. ఒకరు పెట్టుకుని మాట్లాడాలి, రెండోవారు దూరంగా నిలబడి తమ ఫోనులో వినాలి. తర్వాత తారుమారు కావాలి. అయిదారు నిమిషాలు చెవికి తగిలించుకుని వుంటే నొప్పి పెడుతుందో లేదో కూడా తెలిసిపోతుంది. బడ్స్‌తో మూడు కొలతల రబ్బరు తొడుగులు ఇస్తారు. చెవికి సరిపోయిన తొడుగు వేసుకుంటే శబ్దం పెంచవలసిన అవసరం తగ్గుతుంది.

శబ్దం విషయంలోనూ హద్దు పాటించాలి. 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలకు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలే హద్దు. రొదలో మాట వినబడక శబ్దం పెంచుకుంటూ పోయేవారు ఈ హద్దును తెలియకుండానే దాటుతారు. చెవి నరం ఒకసారి దెబ్బతింటే మళ్లీ బాగుపడదు.

చేతులు ఖాళీ, మరి మనసు?

హెడ్‌సెట్ వుంది గనుక బండి నడుపుతూ మాట్లాడవచ్చునని చాలామంది నమ్ముతున్నారు. జాతీయ రహదారి మీద లారీ డ్రైవర్లు మొదలు కాలేజీ కుర్రాళ్ల వరకు ఇదే ధోరణి. ఇది ప్రమాదకరమైన నమ్మకం.

కెనడాలోని టొరంటోలో 699 మంది డ్రైవర్ల ఫోను లెక్కలనూ, వారికి జరిగిన ప్రమాదాలనూ పోల్చి చూసిన పరిశోధన 1997లో వెలువడింది. ఫోను మాట్లాడే సమయంలో ప్రమాదం జరిగే అవకాశం సుమారు నాలుగు రెట్లు అని తేలింది. చేతిలో పట్టుకోకుండా మాట్లాడినవారికి అదనపు క్షేమమేమీ కనిపించలేదు. చెడగొడుతున్నది చేయి కాదు, మాటల్లో పడిన మనసు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం మూడు సెకన్లలో 50 మీటర్లు సాగిపోతుంది. ధర గురించి ఆలోచిస్తూ మూడు సెకన్లు పరాకుగా వున్నా, ఆ 50 మీటర్లలో గేదె అడ్డురావచ్చు, బడిపిల్ల రోడ్డు దాటుతూ వుండవచ్చు.

కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. అందులో బండి నడుపుతూ సెల్‌ఫోన్ వాడిన ప్రమాదాల్లో పోయినవారు 3,395 మంది.

చట్టం సంగతికి వస్తే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షను బండి నడుపుతూ చేతిలో పట్టుకుని ఫోను వాడడాన్ని ప్రమాదకరంగా నడపడంగానే లెక్కగడుతోంది. మొదటిసారి అయితే వెయ్యి నుంచి 5 వేల రూపాయల వరకు జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా రెండూ వుండవచ్చు. దారి చూసుకోవడానికి మాత్రం, ఏకాగ్రత చెడకుండా, ఫోను వాడుకోవచ్చునని 2020లో నిబంధన వచ్చింది. చెవిలో ఇయర్‌ఫోన్ వుంటే 20 వేల రూపాయల జరిమానా అని 2023లో రాష్ట్రంలో సెల్‌ఫోన్లలో ప్రచారం సాగింది. రవాణా శాఖ దాన్ని ఖండించింది. అంతమాత్రాన హెడ్‌సెట్‌తో నడిపితే అడిగేవారు లేరనుకోరాదు. పరాకుగా నడిపి ఇతరులకు ముప్పు తెస్తే అదే సెక్షను కింద కేసు తప్పదు.

ద్విచక్ర వాహనం మీద అసలే కుదరదు. హెల్మెట్ కింద బడ్స్ ఇరికించుకుంటే చెవి నొప్పి, బయటి శబ్దం వినబడకపోవడం రెండూ వున్నాయి. రైలు పట్టాలు దాటేటప్పుడు చెవిలో వున్నది తీసి జేబులో పెట్టుకోవాలి. కరెంటు ఇంజన్ల రైళ్లు దగ్గరికొచ్చేదాకా అంతగా చప్పుడు చేయవు.

లారీ, కారు డ్రైవర్లకు హెడ్‌సెట్ ఉపయోగం ఒక్కటే వుంది. ఫోను మోగితే చేయి తీయకుండా బటను నొక్కి "బండి నడుపుతున్నాను, ఆగి చేస్తాను" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేయవచ్చు. ఆ తర్వాత డాబా దగ్గరో, పెట్రోలు బంకు దగ్గరో బండి పక్కకు తీసి మాట్లాడుకోవాలి. లారీ యజమానులు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులవారు కూడా "ఎక్కడున్నావు?" అని అరగంటకోసారి ఫోను చేసే అలవాటు మానుకోవాలి. బండి ఎక్కడ వుందో చెప్పే జి.పి.ఎస్. పరికరాలు వచ్చాయి. డ్రైవరును అడగవలసిన పని లేదు.

దుకాణదారులు నమూనాగా ఒక్కో రకం హెడ్‌సెట్‌ను బయట పెట్టి, కొనేవారిని రోడ్డు మీద మాట్లాడి చూసుకోనిస్తే గొడవలు, వాపసులు తగ్గుతాయి. కొన్ని దుకాణాల్లో సీలు తీస్తే కొనాల్సిందేనన్న షరతు పెడుతున్నారు. అటువంటి చోట నమూనా ముక్క చూపమని అడగడంలో తప్పు లేదు. మైకు పరీక్ష చేయనివ్వని దుకాణం వదిలి పక్క దుకాణానికి వెళ్లే హక్కు కొనేవారికి వుంది. నలుగురు అలా వెళ్లిపోతే ఆ షరతూ వుండదని వినియోగదారులు గుర్తించాలి.